విద్యుత్ప్రభ

కోటప్పకొండ తిరునాళ్లకు పోవుదమని పట్టుబట్టినది మా మనుమరాలు కాదు, నేనే. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీ శనివారమునాడు మహాశివరాత్రి వచ్చినది. హైదరాబాదులో ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమరాలు పండుగకు గుంటూరులోని మా యింటికి వచ్చియుండెను. ముందునాటి రాత్రి భోజనములైన పిమ్మట ఆ పిల్ల సెల్‌ఫోను తెచ్చి నా ముందుంచి, "తాతయ్యా, ఇది చూడండి" అని ఒక వింతను చూపినది.

అది జపాను దేశమందలి టోక్యో నగరమున టీమ్‌ల్యాబ్ అను కళాకారుల బృందము 2018లో తెఱచిన వెలుగుల ప్రదర్శనశాల. అది 2022లో మూతపడి, 2024లో ఆ నగరమందే మఱియొక చోట మరల తెఱవబడినది. ఆ శాలలో గదులన్నియు చీకటి. ఆ చీకటిలో గోడలమీదను నేలమీదను వెలుగుతో చిత్రించిన పూలు వేలకొలదిగా పూయుచుండును. మనుష్యుడు కదలక నిలిచినచో అతని చుట్టును క్రొత్తపూలు విచ్చుకొనును. చేయి చాచి తాకినచో ఱేకులు రాలిపోవును. చూచువాడు లేనిచో ఆ చిత్రము సగము చిత్రమే.

"మన దగ్గర ఇలాంటివి ఎక్కడున్నాయి తాతయ్యా? మన బొమ్మలు మనం తాకకూడదు, అవి కదలవు" అని ఆ పిల్ల నిట్టూర్చెను. ఆ మాట నాకు కొంచెము గ్రుచ్చుకొన్నది. నలువదేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడను. పిల్లల ప్రశ్నకు సమాధానము చెప్పక నిద్రపోవుట నా కలవాటు లేదు. "రేపు ఉదయమే లెమ్ము. కదలని బొమ్మలను, కదలు వెలుగులను రెంటిని చూపెదను" అంటిని.

మఱునాడు ఉదయము ఆఱు గంటలకే బస్సెక్కి అమరావతికి పోతిమి. కృష్ణలో మునిగి అమరేశ్వరుని దర్శింపవచ్చిన జనముతో వీధులన్నియు క్రిక్కిఱిసియుండెను. మేమును నదిలో కాళ్లు కడుగుకొని, నీరు తలపై చల్లుకొని, స్వామిని దర్శించితిమి. పిమ్మట పురావస్తు ప్రదర్శనశాలకు చేరితిమి. వెలుపల ఎంత సందడియో లోపల అంత నిశ్శబ్దము.

అమరావతి శిల్పములు పలనాటి సున్నపురాతిలో చెక్కబడినవి. ఆ రాయి తెలుపు. ఆ తెలుపులో లేత ఆకుపచ్చని ఛాయ. క్రీస్తునకు పూర్వమే ఇచ్చట బౌద్ధస్తూప మొకటి యుండెను. సాతవాహనుల కాలమున అది పెరిగి మహాచైత్యమైనది. దాని చుట్టును రాతిస్తంభములతోను అడ్డపట్టెలతోను ఎత్తైన కంచె కట్టి, దానినిండ పద్మములను, బుద్ధుని చరిత్రమును, జాతక కథలను చెక్కిరి. మన రాష్ట్రచిహ్నము నడుమ నేడు కనబడు పూర్ణఘటము ఈ శిల్పసంప్రదాయమునుండి తీసికొన్నదే. ఈ సంగతులన్నియు నేను చెప్పుచుంటిని గాని, మా మనుమరాలి చూపులు గుమ్మమువైపు పోవుచుండెను. "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి తాతయ్యా. తెల్లగా, ముక్కలు ముక్కలుగా" అనినది.

నేను నొచ్చుకొని ఊరకుంటిని. ఆ పిల్ల ఒక ఫలకము ముందునుండి నడచిపోవుచు చటుక్కున ఆగినది. మరల వెనుకకు వచ్చినది. మరల ముందునకు పోయినది. "తాతయ్యా! నేను జరిగితే ఇది మారుతోంది!" అని కేక వేసి, కాపలాదారుని చూచి నాలుక కఱచుకొనెను. నేను దగ్గఱకు పోయి చూచితిని. ఆ ఫలకముపై ప్రక్కనుండి ఎండ ఏటవాలుగా పడుచుండెను. పిల్ల ఆ ఎండ కడ్డముగా నిలిచినపుడు రాయి వట్టి తెల్లని రాయి. తొలగినపుడు అందలి స్త్రీలు, బాలకులు, గుఱ్ఱములు మేలుకొని లేచుచుండిరి.

అందు వింత లేదు. ఆ బొమ్మలలో అనేకములు పలుచగా చెక్కినవి. వాని యెత్తు వ్రేలి మందమునకు మించదు. ఎదురుగా వెలుగు పడినచో నీడ పుట్టదు; నీడ లేనిచో రూపము తెలియదు. వెలుగు ప్రక్కనుండి వచ్చినపుడే ప్రతి ముక్కునకును ప్రతి మడతకును నీడ కలుగును. ఆ స్తూపము ఆరుబయట నుండెడిది. సూర్యుడు తూర్పునుండి పడమటికి పోవుచుండ, భక్తులు దాని చుట్టును ప్రదక్షిణము చేయుచుండ, ఉదయము ఒకవైపు బొమ్మలు, సాయంకాలము మఱియొకవైపు బొమ్మలు మేలుకొనుచుండవలెను. "అయితే ఇక్కడ సూర్యుడే దీపమన్నమాట!" అని మా మనుమరాలు ఆ ఫలకము ముందు పావుగంట అటునిటు నడచెను. కాపలాదారు నవ్వి మాకు కుర్చీ చూపెను.

నేను సంచిలోనుండి ఒక పాతపుస్తకము తీసి అమరావతి పతకమొకదాని చిత్రమును ఆమెకు చూపితిని. పతకమనగా కంచెస్తంభముపై చెక్కిన గుండ్రని శిల్పము. ఒకవైపున మదించిన యేనుగు వీధిలో జనమును త్రొక్కుచున్నది. స్త్రీలు మేడ కిటికీలనుండి భయముతో చూచుచున్నారు. మఱియొకవైపున ఏనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లినది. "రెండు ఏనుగులా?" అని యడిగినది. "కాదమ్మా, ఒక్కటే. దాని పేరు నాలాగిరి. ముందు జరిగినదియు వెనుక జరిగినదియు ఒకే వలయమున చెక్కిరి. రాయి కదలదు. నీ చూపు ఇటునుండి అటు పోవునపుడు ఏనుగు కోపము చల్లాఱును. కదల్చునది నీవే" అంటిని. ఆ పిల్ల చిత్రముపై వ్రేలుంచి, ఒక ఏనుగునుండి మఱియొక యేనుగునకు మెల్లగా జఱిపెను.

"అసలుది ఏదీ? చూద్దాం" అని లేచినది. అది ఇచ్చట లేదు. చెన్నై ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది. ఆ చరిత్ర చెప్పవలసివచ్చినది. పదునెనిమిదవ శతాబ్ది చివర అమరావతిలో క్రొత్తపట్టణము కట్టునపుడు స్తూపపు దిబ్బను త్రవ్వి ఇటుకలను రాళ్లను తీసికొనిపోయిరి. ఆ కాలముననే కాలిన్ మెకంజీ అను సైనికోద్యోగి దానిని చూచి, 1816లో మరల వచ్చి, తన చిత్రకారులచేత శిల్పములకు బొమ్మలు గీయించెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన రాళ్లు మదరాసుకు, అందు అనేకములు అచ్చటనుండి లండనుకు చేరినవి. ఇచ్చటనే మిగిలినవానిలో కొన్నిటిని కాల్చి సున్నము చేసిరి.

"సున్నమా? గోడలకు వేసే సున్నమా? అప్పుడు ఎవరూ అడగలేదా?" అని ఆ పిల్ల నా ముఖములోనికి చూచినది.

"కనబడకుండ పోయినదానిని గూర్చి ఎవరడుగుదురమ్మా?" అంటిని. ఆ మాట నేను అలవోకగా అన్నదే. సాయంకాలము అది నా మీదికే తిరిగి వచ్చునని అప్పుడెఱుగను.

అమరావతినుండి సత్తెనపల్లి మీదుగా నరసరావుపేటకు బయలుదేఱితిమి. త్రోవకు రెండుప్రక్కల మిరపకల్లములు. కోసిన కాయలను నేలపై పఱచి యెండబెట్టుటచేత ఎకరములకొలది నేల ఎఱ్ఱగా మెఱయుచుండెను. స్త్రీలు ముక్కులకు గుడ్డలు కట్టుకొని వరుసగా కూర్చుండి తాలుకాయలను ఏరుచుండిరి. ప్రత్తిచేలలో తీతలు ముగిసి మోళ్లు మిగిలియుండెను. బస్సులో తుమ్మనివాడు లేడు.

మా ప్రక్క కూర్చున్న రైతొకడు మాటలలో, "క్రిందటేడు మా ఊరి ప్రభ కట్టలేదండీ. నల్ల తామరపురుగు మిరప పూతంతా తినేసింది. తిండికే చూసుకున్నాం. ఈ ఏడు కాస్త కాపు నిలబడింది, రేటూ ఉంది. అందుకని మళ్లీ కట్టాం" అని చెప్పెను. ఆతడు చెప్పినది నిజమే. 2021వ సంవత్సరపు చివరనుండి ఆ పురుగు గుంటూరు, ప్రకాశము ప్రాంతముల మిరపతోటలను పాడుచేసిన సంగతి అందఱెఱిగినదే. "ఏ యూరు మీది?" అని యడిగితిని. ఆతడు చెప్పిన పేరు విని కొంతసేపు మాటాడలేకపోతిని. ముప్పదియైదేండ్ల క్రిందట నేను తెలుగు పండితుడనుగా పనిచేసిన యూరది. "మా ప్రభ చూసి పొండి" అని ఆతడు నరసరావుపేటలో దిగిపోయెను.

కోటప్పకొండ నరసరావుపేటకు సమీపమున నున్నది. ఎటునుండి చూచినను మూడు శిఖరములు కనబడునని దానికి త్రికూటపర్వతమని పేరు. కొండపైన త్రికోటేశ్వరస్వామి ఆలయము. శివరాత్రినాడు చుట్టుప్రక్కల గ్రామములవారు మ్రొక్కులు తీర్చుకొనుటకై ప్రభలను కట్టి కొండక్రిందికి తెచ్చెదరు. ప్రభయనగా వెలుగు. ఇచ్చటి జనులు ఆ వెలుగునకు ఒడలు కల్పించిరి. బండిచక్రములపై దుంగలు బిగించి, వానిపై సరుగుడు కొయ్యలతోను వెదురుబొంగులతోను ఎత్తైన చట్రము నిలిపి, ముందుభాగమున రంగుల గుడ్డలు కట్టి, విద్యుద్దీపములు కూర్చెదరు. కొన్ని ఎనుబది తొంబది యడుగుల యెత్తుండును. వెనుకటి దినములలో ఎడ్లు లాగెడివి. నేడు ట్రాక్టరులు లాగుచున్నవి. నలువైపుల మోకులు పట్టుకొని మనుష్యులు నడచెదరు. ఒకవైపు మోకు వదలినచో మఱియొకవైపు ప్రభ ఒఱగును. ప్రభ వచ్చు దారిలో కరెంటు తీగెలను విప్పి, అది దాటిన పిమ్మట మరల కట్టుదురు. ఊరంతయు చేయి వేయనిదే ఆ వెలుగు ఒక యడుగైనను కదలదు.

బస్సు దూరముననే ఆగుటచేత నడచితిమి. "చేదుకో కోటయ్యా!" అను కేకలు నలుదెసల మ్రోగుచుండెను. బావిలోనుండి చేదను లాగునట్లు నన్ను పైకి లాగుకొమ్మని దాని యర్థము. ప్రొద్దు క్రుంకుచుండెను. ప్రభలొక్కొక్కటే వెలుగుటకు మొదలిడెను. ఒకదానిపై నెమలి పురివిప్పెను. మఱియొకదానిపై నీలి యల అడుగునుండి శిఖరమువఱకు ప్రాకెను. మా మనుమరాలు నోరు తెఱచి నిలిచిపోయెను. "తాతయ్యా, ఆ వెలుగు ఎలా పరుగెడుతోంది?" అనినది.

వెలుగు పరుగెత్తుట లేదు. ఏ దీపమును తన చోటు విడువదు. ఒకటి ఆఱునపుడు ప్రక్కది వెలుగును. అది ఆఱునపుడు ఆ ప్రక్కది. మన కన్నులు వానిని కలిపి ఒకే దీపము పరుగెత్తినదని భావించును. ఉదయము చూచిన యేనుగువలెనే ఇచ్చటను కదల్చునది మన చూపే. ఈ మాట నేను చెప్పకముందే ఆ పిల్ల, "నాలాగిరి!" అని చప్పట్లు చఱచెను. ముప్పది సంవత్సరములు బోధించినను అటువంటి నిమిషములు ఉపాధ్యాయునకు వ్రేళ్లపై లెక్కింపదగినవే దొరకును.

బస్సులోని రైతు చెప్పిన ప్రభను వెదకి చేరితిమి. అప్పటి కింకను దాని దీపములు పూర్తిగా వెలుగలేదు. క్రింద బల్లమీద మీటల పెట్టె యొకటి; దాని చుట్టును తీగెలు. చొక్కాజేబులో కటింగ్‌ప్లేయరు, మణికట్టునకు నల్లటేపు చుట్ట తగిలించుకొన్న యొక మనుష్యుడు పైకి చూచుచు కేకలు వేయుచుండెను. ఏబదియేండ్లుండును. ఆతడు తల త్రిప్పి నన్ను చూచి, కొంచెముసేపు అట్లే నిలిచి, "మాస్టారూ!" అనెను.

నేను గుర్తింపలేదు. "రెండో బల్ల మాస్టారూ. కిటికీ పక్కన" అనెను. అప్పుడు నా గుండె జల్లుమన్నది.

1988వ సంవత్సరము, శివరాత్రికి కొన్నిదినములు ముందు. ఎనిమిదవ తరగతికి ఛందస్సు చెప్పుచుంటిని. గురువునకు రెండు మాత్రలు, లఘువునకు ఒక మాత్ర అని బోర్డుపై గీతలు గీయుచుండగా వెనుకనుండి నవ్వులు వినబడెను. తిరిగి చూచితిని. రెండవ బల్లపై నొక బాలుడు పాలపొడి డబ్బాను మేకుపై నిలిపి త్రిప్పుచుండెను. దానిపై కాగితము చుట్టి, అక్కడక్కడ కోసి, లోహము కనబడునట్లు సందులు చేసియుండెను. రాగితీగె యొకటి దానిని రాచుకొనుచుండెను. తీగె కాగితముపై నున్నపుడు దీపము ఆఱును. సందులోని లోహమును తాకినపుడు వెలుగును. టార్చిలైటు బ్యాటరీలు రెండు, చిన్న బల్బు ఒకటి. ఆ దినములలో ప్రభలపై వెలుగును పరుగెత్తించునవి ఇట్టి డోళ్లే. వానిని చూచియే ఆ బాలుడు దానిని చేసెను. నాకు అదంతయు అక్కఱలేకపోయెను. నా పాఠము చెడినదను కోపమే యుండెను. ఆ డబ్బాను లాగికొని కిటికీలోనుండి విసరివేసితిని. అది రాతిపై పడి నొక్కుకొనిపోయెను. బాలుడు ఏడ్వలేదు. గంట కొట్టిన పిమ్మట దానిని తీసికొని పోయెను. మఱునాటినుండి బడికి రాలేదు. హాజరుపట్టీలో కొన్నిదినములు గైరుహాజరని వ్రాసి, పిమ్మట ఆతని పేరు కొట్టివేసితిని.

ఇప్పుడు ఆతడే నా ముందు చేతులు కట్టుకొని నిలిచియుండెను. నేనేదో చెప్పబోవుచుండగా, "సమయానికి వచ్చారు మాస్టారూ. అక్షరాలు ఒక్కసారి చూడండి. సగంలో బడి మానినవాణ్ణి. దీపాలంటే భయం లేదు గాని, అక్షరాలంటే ప్రతి ఏడూ భయమే" అని మీట నొక్కెను. ఊరి పేరు, దానిక్రింద "విధ్యుత్ ప్రభ" యను మాట ఎఱ్ఱని దీపములతో వెలిగెను.

ద కారమునకు ఒత్తు పడినది. అనేకులు చేయు తప్పే యది. ద్యుతి యనగా కాంతి. దానికి సంబంధించిన మాటయే విద్యుత్తు. దానికి ఒత్తక్కఱలేదు. నలువదేండ్లు ఎఱ్ఱసిరాతో దిద్దిన కన్నునకు అది వెంటనే తగిలినది. కాని ఆ యక్షరములు అఱువది యడుగుల యెత్తుననున్నవి. చీకటి పడుచున్నది. ఒకనాడు ఆతని పనిని విసరివేసిన చేయి నాది. నేడు మరల తప్పు పట్టుటకు నోరాడలేదు. "బాగున్నది నాయనా" అంటిని.

ఆతడు నన్ను తేఱిపాఱ చూచి, "మీ ముఖం బాగాలేదంటోంది మాస్టారూ" అనెను.

చెప్పితిని. "ఒక ఒత్తు ఎక్కువైనది. కాని ఇంత జనములో ఎవరును గమనింపరు" అంటిని.

"మీరు గమనించారుగా" అని, ఆతడు ఒక కుఱ్ఱవానిని చట్రములోపలి నిచ్చెనపైకి పంపెను. ఆ దీపములను ఊడదీసినచో వరుసయంతయు ఆఱిపోవునట. "వెనకటి రోజుల్లో ఆరు వోల్టుల బల్బులు నలభై దాకా ఒకే వరుసలో కలిపేవాళ్లం, ఇంట్లోకి వచ్చే 230 వోల్టులు తలా కాస్త పంచుకునేవి. ఒకటి పోతే అన్నీ పోయేవి. ఇవి కొత్త ఎల్.ఇ.డి.లైనా, ఈ అక్షరాల వరుస మాత్రం అలాంటిదే" అని మా మనుమరాలికి చెప్పెను. అందుచేత దీపములను తీయక, ఒత్తు దగ్గఱి అయిదింటికిని నల్లటేపు చుట్టించెను. అవి లోలోపల వెలుగుచునే యున్నవి, పైకి కనబడవు. మాట సరియైనది.

కుఱ్ఱవాడు దిగువఱకు నేను ఊపిరి బిగబట్టి చూచుచుంటిని. దిగిన పిమ్మట, దాచుకొనలేక, "ఆనాడు నీ డబ్బా విసరివేసితిని. నావలన నీ చదువు పోయినది" అంటిని.

ఆతడు వెంటనే కాదనలేదు. ఆ కాదనకపోవుటయే నాకు మేలుగా తోచెను. కొంచెమాగి, "బాధపడ్డాను మాస్టారూ. అబద్ధమెందుకు? కాని బడి మానింది దానికి కాదు. ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. మందులమీద మందులు కొట్టారు. అప్పు పెరిగిపోయింది. నాన్న మంచం పట్టాడు. ఆ మర్నాడు నేను కూలికి పోయాను. మీరు ఒకసారి ఇంటికి వస్తారేమో అనుకున్నాను" అనెను.

1987లో ప్రకాశము, గుంటూరు జిల్లాల ప్రత్తిచేలను తెల్లదోమ మ్రింగివేసిన సంగతి నేనెఱుగుదును. అప్పులపాలై ప్రాణములు విడిచిన రైతుల వార్తలను ఉపాధ్యాయుల గదిలో పత్రికలో చదివి నిట్టూర్చినవారిలో నేనును ఒకడను. ఆ యూరిలో, ఆ సంవత్సరమున, రెండవ బల్లపై చోటు ఖాళీయైనది. నేను ఆ రెంటిని కలిపి చూడలేదు. ఇన్నేండ్లును డబ్బా విసరితినను తప్పునే అప్పుడప్పుడు తలచుకొంటిని. అసలు తప్పు అది కాదు. ఆతని యిల్లు బడికి పదినిమిషముల దూరము. నేను పోలేదు, అడుగలేదు.

"ఇంకొకటి మాస్టారూ" అని ఆతడు చిఱునవ్వు నవ్వెను. "ఆ డబ్బామీద కోతలు గుర్తున్నాయా? పొడుగువి, పొట్టివి. అరంగుళం కోస్తే గురువు, పావంగుళం కోస్తే లఘువు. ఉత్పలమాల చుట్టాను. మీకు చూపిద్దామనే బల్లమీద పెట్టాను."

నా నోట మాట రాలేదు. నా పాఠమును చెడగొట్టుచున్నాడని నేననుకొన్న బాలుడు నా పాఠమునే చేయుచుండెను. తరగతియంతటిలోను దానిని గ్రహించినవాడు ఆతడొక్కడే. గ్రహింపనివాడను నేను.

మా మనుమరాలు మా యిద్దఱివంకను చూచుచుండెను. ఆతడు ఆమెను పిలిచి, పెట్టెపైనున్న ఒక మీటను చూపి, "ఇది పైన చక్రానికమ్మా. నొక్కినంతసేపూ వెలుగుతుంది. వదిలితే ఆరుతుంది. నీ ఇష్టం, ఆడించు" అనెను. ఆ పిల్ల ఒక నిమిషము ఆలోచించెను. పెదవులు కదలుచుండెను. పిమ్మట నొక్కుటకు మొదలిడెను. ఒకటి దీర్ఘము, రెండు హ్రస్వములు. దీర్ఘము, హ్రస్వము, దీర్ఘము. మూడు హ్రస్వములు. నేను లెక్కించుచుంటిని: భ, ర, న, భ, భ, ర, వ. ఇరువది అక్షరములు, ఎనిమిది గురువులు, పండ్రెండు లఘువులు. ఎనుబది యడుగుల యెత్తున, కోటప్పకొండ క్రింద, వేలాది జనము నడుమ ఉత్పలమాల పాదమొకటి మాటలేకుండ వెలిగి ఆఱెను. చూచినవారు దీపమేదో చెడినదనుకొనియుందురు. తెలిసినవారము ముగ్గురము.

ఆతడు తల పైకెత్తి తుదివఱకు చూచి, "యతి స్థానం దగ్గర తడబడలేదు, పరవాలేదు" అనెను. ఎనిమిదవ తరగతి సగములో ఆపిన చదువు ఆతనికి ఇంకను జ్ఞాపకముండెను. ఊరివారు పిలువగా మోకు పట్టుటకు ఆతడు పరుగెత్తెను. పోవుచు వెనుకకు తిరిగి, "వచ్చే ఏడు ముందే రండి మాస్టారూ, పైకి ఎక్కించకముందే అక్షరాలు చూపిస్తాను" అనెను.

అర్ధరాత్రి దాటిన పిమ్మట బస్సులో గుంటూరునకు తిరిగి వచ్చుచుంటిమి. దూరమున ప్రభలు చిన్నవై, చుక్కలవలె నుండెను. మనుమరాలు నిద్రపోయినదనుకొంటిని. కన్నులు మూసికొనియే, "తాతయ్యా, ఆయన మానేసింది నేను చదువుతున్న తరగతిలోనేనా?" అని యడిగెను. ఔనంటిని. "నా వెనక బల్లమీద అమ్మాయి దీపావళి నుంచీ రావడం లేదు. ఎందుకో ఎవరం అడగలేదు" అనినది. పిమ్మట చాలసేపు కిటికీలోనుండి చీకటిలోనికి చూచుచుండెను.

సోమవారమునాటి సాయంకాలము హైదరాబాదునుండి ఫోను చేసినది. ప్రభల ముచ్చట ఏమియు చెప్పలేదు. "అడిగాను తాతయ్యా. ఇల్లు తెలుసుకున్నాను. రేపు మా టీచరుగారితో కలిసి వెళ్తున్నాం" అని మాత్రము చెప్పెను.

విద్యార్థులారా, ఆ పిల్ల మరల బడికి వచ్చినదా లేదా యని మీరడుగుదురు. వచ్చినది, కాని మూడువారములు పట్టినది, ఇద్దఱు ఉపాధ్యాయులు నాలుగుసార్లు తిరిగిరి. అడిగినంతనే అన్నియు చక్కబడవు. ప్రభ యొక్కని చేతిమీద నిలువదు. మోకులు నలువైపుల పట్టవలెను. ఐనను మొదటి మోకు పట్టువాడొకడుండవలెను. మీ తరగతిలో ఒక చోటు ఖాళీగా కనబడినచో, హాజరుపట్టీలో ఆ పేరు కొట్టివేయకమునుపే, ఎందుచేతనో పోయి యడుగుడు. ముప్పదియైదేండ్లు ఆలస్యముగా అడిగినవాడు చెప్పుచున్న మాట యిది.